టీబీ మాత్రలు వేసుకుంటూ కనగుర్తల పులుసు తింటే మొహం ఎర్రబడిపోతోంది, ఇది ఎలర్జీయేనా?

కడలిగాలి (గోపాలపూర్):
అందరికీ నమస్కారం. మాది సముద్రం ఒడ్డు ఊరు, నాన్న పడవ మీదికి వెళ్తారు. టీబీ అని తేలాక రోజుకి నాలుగు మాత్రలు, నాలుగు మందులు కలిపి చేసినవే, పొద్దున్నే వేసుకుంటున్నారు. దగ్గు తగ్గింది, ఆకలి కూడా వచ్చింది. అయితే కనగుర్తలు గానీ సూర చేప గానీ పులుసు పెట్టినప్పుడు, తిన్న అరగంటలోపే మొహం, మెడ ఎర్రగా అయిపోతున్నాయి. తల పగిలిపోతోందంటారు, గుండె దడ. సాయంత్రానికి అన్నీ సర్దుకుంటాయి. ఈ చేప ఆయనకి కొత్త కాదు, చిన్నప్పట్నించీ తింటున్నదే. అదే కుండలోది అమ్మా నేనూ తిన్నాం, మాకేం కాలేదు. వీధిలో వాళ్ళంతా "మందులు పడ్డం లేదు, ఆపీండి" అంటన్నారు. నాన్న కూడా అదే పట్టు. ఏటి చెయ్యమంటారు?

మందులకొట్టు (రాయగడ):
అమ్మా, ముందు ఒక మాట. మాత్రలు ఆపొద్దు. సగంలో ఆపితే మొండి టీబీ అవుతుంది, అప్పుడు ఈ మందులు పనిచెయ్యవు.
రెండు సంగతులు అడుగుతాను, చెప్పండి. పెదాలు గానీ నాలుక గానీ వాచాయా, ఊపిరి ఆడకపోవడం ఉందా? ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. రెండోది, చేప తినని రోజున కూడా ఇలా అవుతోందా? ఆ నాలుగు మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల కూడా మొహం ఎర్రబడి దురద పెట్టడం ఉంది. కాకపోతే అది మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకి వస్తుంది, దానికి తిండితో పనిలేదు.
చేప తిన్న రోజే వస్తోందంటే నా అనుమానం వాటిల్లోనే ఇంకోటి, ఐసోనయాజిడ్ మీద. మందు కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది: హిస్టమిన్ అనే రసాయనం ఎక్కువుండే చేపలు తింటే తలనొప్పి, చెమట, గుండెదడ, మొహం ఎర్రబడడం రావచ్చని. ఎవరూ చదవరు.

కడలిగాలి (గోపాలపూర్):
వాపు లేదండి, ఊపిరి బాగానే ఉంది. చేప లేని రోజు ఏమీ లేదు. మొన్న చందువా తిన్నారు, అప్పుడూ ఏం కాలేదు. కనగుర్తలకీ సూరకీ మాత్రమే. అమ్మ చెప్పింది, ఆ రోజు వలలోవి ఐసు లేకుండా మధ్యాహ్నం దాకా పడవలోనే ఉన్నాయంట.

రాగిచెంబు (ఛత్రపురం):
రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి పొద్దున తాగించండి. ఈ మందులు ఒంట్లో రాగిని తినేస్తాయని విన్నాను. రాగి తగ్గితేనే ఇలా అవుతుంది.

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
రాగి ప్రస్తావన వచ్చింది కాబట్టి కలగజేసుకుంటున్నాను. ఈ కథలో రాగి ఉంది, కానీ చెంబు నీళ్ళతో తీరేది కాదు.

కనగుర్త, సూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది. చేప ఎండలో పడి ఉంటే మోర్గనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ఒకసారి తయారయ్యాక దాన్ని పోగొట్టడం కుదరదు. ఉడికించినా, వేయించినా, ఉప్పేసి ఎండబెట్టినా అలాగే ఉంటుంది. చింతపండు పులుపు కూడా దాన్నేమీ చెయ్యదు. క్యాన్లలో అమ్మే ట్యూనాకి అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం పెట్టిన హద్దు కిలోకి 200 మిల్లీగ్రాములు. మన ఒడ్డున ఎండలో ఉన్న చేపని కొలిచేదెవరు.

తిండిలో వచ్చిన హిస్టమిన్ రక్తంలోకి చేరకుండా పేగు గోడలోనే ఖతం చేసే ఎంజైము ఒకటుంది. పేరు డయామిన్ ఆక్సిడేజ్. 1930 ప్రాంతంలో దాన్ని హిస్టమినేజ్ అన్నారు, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన చార్లెస్ బెస్ట్ పరిశోధనలోంచే మొదలైంది. దాని కేంద్రంలో రాగి అణువు ఉంటుంది. మామూలు మనిషి రక్తంలో ఇది బహు కొద్దిగానే తిరుగుతుంది. గర్భిణుల రక్తంలో మాత్రం వందల రెట్లు పెరుగుతుంది, మాయ నుంచి వస్తుంది. హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తే పేగులోది కొంత రక్తంలోకి వదులుతుంది.

మీ అమ్మగారికి ఏమీ కాకపోవడానికి కారణం ఆమె ఎంజైము పనిచేస్తోంది. మీ నాన్నగారిది ఐసోనయాజిడ్ చేత కట్టుబడి ఉంది. మామూలు మనిషి తట్టుకునే మోతాదే ఆయనకి విషంలా పనిచేస్తుంది. దీన్ని ఎలర్జీ అనడానికి లేదు, ఆయన ఒంట్లో చేపకి వ్యతిరేకంగా ఏ యాంటీబాడీ తయారు కాలేదు.

రాగి చెంబు గారికి: ఎంజైములో రాగి ఉండాల్సిన చోటే ఉంది. ఇంకా రాగి పోస్తే ఏమొస్తుంది?

ఎమ్మెస్సీ గుంట (జయపురం):
మాస్టారూ, ఒక సందేహం. ఐసోనయాజిడ్ లోహాలతో కట్టుకుంటుందని మా ఇనార్గానిక్ పుస్తకంలో ఉంది. అంటే అది నేరుగా రాగికే అతుక్కుని ఎంజైముని ఆపుతోందా? నాకు సెమినార్ ఉంది, అందుకే అడుగుతున్నా.

మందులకొట్టు (రాయగడ):
రాగి కాదు, బి6 విటమిన్. మేము చదివినప్పుడు డయామిన్ ఆక్సిడేజ్‌కి సహాయకం బి6 రూపమైన పిరిడాక్సల్ ఫాస్ఫేట్ అనే చెప్పారు. ఐసోనయాజిడ్ బి6ని లాక్కుపోతుంది కాబట్టే టీబీ రోగులకి రోజూ 10 మిల్లీగ్రాముల పిరిడాక్సిన్, అంటే బి6 మాత్ర, ఇస్తాం, కాళ్ళ తిమ్మిర్లు రాకుండా. ఇక్కడా అదే జరుగుతోంది. బి6 పెంచితే సరిపోతుంది.

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
ఆ పాఠం నేనూ చాలాకాలం చెప్పాను, అప్పటి పుస్తకాల్లో అలాగే ఉండేది. 1990లో జూడిత్ క్లిన్‌మన్ బృందం ఆవు సీరంలోని అమీన్ ఆక్సిడేజ్‌ని విప్పి చూస్తే, అందులో పిరిడాక్సల్ లేదు. ఎంజైము తన సొంత గొలుసులో ఉన్న ఒక అమైనో ఆమ్లాన్ని, టైరోసిన్‌ని పక్కనున్న రాగి, ఆక్సిజన్‌ల సాయంతో తానే క్వినోన్‌గా మార్చుకుంటుంది. దాన్ని టోపాక్వినోన్ అంటారు. బయటి నుంచి ఏ విటమినూ రానక్కర్లేదు. డయామిన్ ఆక్సిడేజ్‌దీ అదే కుటుంబం.

పాత వాళ్ళు ఎందుకు పొరబడ్డారో చూడండి, అమ్మాయి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. ఫినైల్ హైడ్రజిన్, సెమికార్బజైడ్ లాంటి చిన్న అణువులు ఈ ఎంజైముని ఆపేసేవి. అవి కార్బోనిల్‌ని పట్టుకునే అణువులు. కార్బోనిల్ అంటే కార్బన్ ఆక్సిజన్‌తో జంట బంధం కట్టుకున్న చోటు. అది ఉందంటే పిరిడాక్సల్ అయి ఉంటుందనుకున్నారు. కార్బోనిల్ నిజమే, కానీ అది క్వినోన్‌ది.

పని జరిగే తీరు ఇదీ. హిస్టమిన్ తన చివరి అమీన్‌తో టోపాక్వినోన్ మీది కార్బోనిల్‌కి అతుక్కుంటుంది. పక్కనున్న ఆస్పార్టేట్ ఒక ప్రోటాన్ లాగుతుంది. హిస్టమిన్ ఆల్డిహైడ్‌గా విడిపోయి వెళ్ళిపోతుంది, అమీన్ ముక్క క్వినోన్ దగ్గరే మిగులుతుంది. తర్వాత ఆక్సిజన్ వచ్చి క్వినోన్‌ని మళ్ళీ మొదటి స్థితికి తెస్తుంది, అమోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ బయటపడతాయి. రాగి పాత్ర ముఖ్యంగా క్వినోన్‌ని పుట్టించడంలోనూ, ఈ చివరి మెట్టులోనూ.

ఇప్పుడు ఐసోనయాజిడ్ చూడండి. దాని చివర ఒక నైట్రోజన్ పక్కన ఇంకో నైట్రోజన్ ఉంటుంది. అది కూడా అదే కార్బోనిల్‌కి అతుక్కుంటుంది, కానీ హిస్టమిన్‌లా విడిపోదు. గాలం మింగిన చేపలా ఉండిపోతుంది. ఆ బంధాన్ని హైడ్రజోన్ అంటారు. సెమికార్బజైడ్, అమినోగ్వానిడిన్, బీపీకి ఇచ్చే హైడ్రలజిన్, అందరి చివరా అదే జంట నైట్రోజన్. వాటిలో అమినోగ్వానిడిన్ మహా బలమైనది, దాని ముందు ఐసోనయాజిడ్ బలహీనమే. కాకపోతే ఐసోనయాజిడ్‌ని రోజూ కిలో బరువుకి 5 మిల్లీగ్రాముల లెక్కన నెలల తరబడి మింగిస్తున్నాం.

బి6 విషయంలో మందులకొట్టు గారు చెప్పినది నరాల వరకు సరైనదే. పిరిడాక్సల్‌తోనూ ఐసోనయాజిడ్ హైడ్రజోనే కట్టుకుని మూత్రంలో పోతుంది. రసాయనం ఒకటే, వేట పడేవి రెండు. పిరిడాక్సిన్ మాత్ర నరాలకి తప్పక కావాలి, చేప దగ్గర మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మందులకొట్టు (రాయగడ):
సరే మాస్టారూ, టోపాక్వినోన్ ఒప్పుకుంటాను. మరి మా దగ్గర ఇదే మాత్ర వేసుకునే వాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఎండుచేప తినని వాడు లేడు. ఒకడికి వస్తుంది, పదిమందికి రాదు. ఎందుకంటారు?

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
చేపలో ఎంత హిస్టమిన్ ఉందన్నది మొదటి కారణం, ఒకే బుట్టలో పక్కపక్క చేపల్లో కూడా తేడా ఉంటుంది. రెండోది కాలేయం. ఐసోనయాజిడ్‌ని కాలేయం ఎసిటైల్ అంటించి నిర్వీర్యం చేస్తుంది. ఎక్కడ అంటిస్తుందో గమనించారా, సరిగ్గా ఆ చివరి నైట్రోజన్ మీదే. ఇక అది కార్బోనిల్‌ని పట్టుకోలేదు. ఈ పని కొందరిలో వేగంగా, కొందరిలో మెల్లగా జరుగుతుంది, జన్యువుని బట్టి. వేగం వాళ్ళలో మందు సగమవడానికి గంటో గంటన్నరో, మెల్లవాళ్ళలో రెండు నుంచి అయిదు గంటలు. మన దేశంలో మెల్లవాళ్ళు తక్కువేం కాదు.

ల్యాబ్ చుక్క (బరంపురం):
ఆలస్యంగా చూశాను. రాగి ఎంజైములంటే అన్నీ ఒకే దారిలో ఆగవు, మా బెంచి మీద జరిగినది చెప్తాను.

రక్తంలో రాగి అంటే ముందు గుర్తొచ్చేది సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్. ప్లాస్మాలో ఉన్న రాగిలో చాలా భాగం దీంట్లోనే. 1948లో హోల్మ్‌బర్గ్, లారెల్ అనే స్వీడన్ వాళ్ళు బయటికి తీశారు, శుద్ధి చేస్తే నీలంగా ఉంటుంది. మామూలు మోతాదు డెసిలీటరుకి 20 నుంచి 40 మిల్లీగ్రాములు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు అనుమానం వస్తే డాక్టర్లు మొదట రాయించేది ఈ పరీక్షే.

దీన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. ఒకటి యాంటీబాడీతో, ప్రోటీన్ ఎంతుందో చెప్తుంది, లోపల రాగి ఉన్నా లేకపోయినా. రెండోది దాని పనిని కొలవడం, ఆర్థో డయానిసిడిన్‌నో పారాఫినైలిన్ డయామిన్‌నో ఆక్సీకరించి రంగు తెప్పిస్తుంది. రాగి నిండుగా ఉన్నదే రంగు ఇస్తుంది. మేం రెండో దారిలో చేస్తాం, చవక.

ఒకసారి కొత్త కంట్రోల్ సీరం, పరీక్ష సరిగ్గా వస్తోందో చూసుకునేది, తెరిచాం. రంగు రాదు. రీఏజెంట్ మార్చాం, వాటర్ బాత్ ఉష్ణోగ్రత చూశాం, పేషెంటు శాంపిళ్ళు మాత్రం చక్కగా వస్తున్నాయి. చివరికి సీసా లేబుల్ చదివితే: సోడియం అజైడ్ 0.1 శాతం, పాడవకుండా కలిపారట. యాంటీబాడీ పద్ధతికి తయారుచేసిన సీరం అది, దానికి అజైడ్ అడ్డు కాదు. మా పద్ధతికి విషం. లెక్క వెయ్యండి, 0.1 శాతం అంటే లీటరుకి గ్రాము, సుమారు 15 మిల్లీమోలార్. పరీక్షలో 20 రెట్లు పలచనైనా ముప్పావు మిల్లీమోలార్ మిగులుతుంది. సెరులోప్లాస్మిన్‌ని మూయించడానికి అది చాలా ఎక్కువ. రావిన్ 1961 పద్ధతిలో రంగు చర్యని ఆపడానికి వాడేదే అజైడ్!

ఎమ్మెస్సీ గుంట (జయపురం):
చుక్క గారూ, అజైడ్‌లో మూడు నైట్రోజన్‌లున్నాయి కదా. అది కూడా క్వినోన్ పట్టుకుంటుందా?

ల్యాబ్ చుక్క (బరంపురం):
సెరులోప్లాస్మిన్‌లో క్వినోనే లేదు తల్లీ. ఉన్నదంతా రాగే, గట్టిగా కట్టుకున్న ఆరు అణువులు. మూడు విడివిడిగా ఉంటాయి, నీలం రంగు వాటిదే. ఇంకో మూడు ఒక్కచోట గుంపుగా ఉంటాయి. ఎలక్ట్రాన్ ముందు నీలం రాగికి వస్తుంది, అక్కడి నుంచి గుంపుకి దూకుతుంది. గుంపు దగ్గర ఆక్సిజన్ నీళ్ళుగా మారుతుంది. అజైడ్ వెళ్ళి ఆ గుంపు దగ్గర కూర్చుంటుంది. ఆక్సిజన్‌కి చోటుండదు, వెనకాల ఎలక్ట్రాన్‌లన్నీ నిలిచిపోతాయి. డయాలిసిస్ చేసి అజైడ్‌ని కడిగేస్తే ఎంజైము మళ్ళీ లేస్తుంది. సయనైడ్ కూడా రాగి మీదికే వెళ్తుంది, ఎక్కువైతే రాగిని ఊడబీకేస్తుంది.

సెమినార్‌లో ఈ తేడా చెప్పు. ఐసోనయాజిడ్ రాగిని వదిలేసి పక్కింటి క్వినోన్‌ని పట్టింది, అజైడ్ రాగినే పట్టింది.

ఇంకోటి, అజైడ్ ఉన్న సీసాలు రాగి, సీసం గొట్టాలున్న సింకులో పారబొయ్యొద్దు. గొట్టంలో పేరుకునే రాగి అజైడ్ పేలుతుంది. మా సింకు ప్లాస్టిక్ గొట్టం కాబట్టి బతికిపోయాం.

గోదారవతల (సిరొంచ):
నమస్తే. మాది మహారాష్ట్ర దిక్కు, గడ్చిరోలి జిల్లా. ఇక్కడ గూడ రాగి ముచ్చట ఒకటుంది. లాఖోడి పప్పు (ఖేసరి పప్పు) తింటే కాళ్ళు పడిపోతయని మా పెద్దోళ్ళు అంటరు. దాంట్ల ఉండేది రాగి ఎంజైముని ఆపే విషమేనని ఎక్కడ్నో చదివిన. నిజమేనా?

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
రెండు మొక్కలు కలిసిపోయాయి బాబూ. పూలకోసం పెంచే స్వీట్ పీ అనే లేథిరస్ జాతిలో బీటా అమినో ప్రొపియోనైట్రైల్ వస్తువు ఉంది. అది లైసిల్ ఆక్సిడేజ్‌ని చంపుతుంది. అది రాగి ఎంజైమే, దానికీ టోపాక్వినోన్‌కి దగ్గర చుట్టమైన క్వినోన్ ఉంది. కొల్లాజెన్ పోగుల్ని కలిపి కుట్టే పని దానిది, అది ఆగితే ఎలుకల ఎముకలు వంకర్లు తిరుగుతాయి, రక్తనాళాల గోడ బలహీనమవుతుంది. అది పనిచేసేది కణాల బయటి కణజాలంలో, రక్తంలో కాదు.

మీ లాఖోడిలోది వేరు. దానిలో కాళ్ళు పడగొట్టేది ఓడాప్ అనే అమైనో ఆమ్లం. అది నరాల మీది గ్లూటమేట్ గ్రాహకాలని అతిగా రెచ్చగొడుతుంది, రాగితో సంబంధం లేదు. కరువు కాలంలో నెలల తరబడి అదొక్కటే తిన్నవాళ్ళకే ఎక్కువగా వచ్చింది, 1961లో అమ్మకం నిషేధించారు. నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది.

గోదారవతల (సిరొంచ):
సమజైంది సార్. మల్ల ఇంకొకటి. మా జిల్లాల 1993 నుంచి మద్యం బంద్, అయినా ఇప్పసారా ఆగలే. మా బావకి తాగుడు మాన్పియ్యనీకి డైసల్ఫిరాం రాసిన్రు. ఒకనాడు దొంగతనంగ తాగిండు, మొఖం ఎర్రగ అయి, దడ పుట్టి పడిపోయిండు. అచ్చం గోపాలపూర్ ఆమె చెప్పినట్టే. అది గూడ హిస్టమినేనా?

ల్యాబ్ చుక్క (బరంపురం):
కాదన్నా, అది ఆల్కహాల్ నుంచి వచ్చే ఎసిటాల్డిహైడ్. డైసల్ఫిరాం ఆపేది ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్‌ని, అందులో రాగి లేదు, దాని సిస్టీన్‌ని పట్టేస్తుంది. కానీ రాగి కథ దానికీ ఉంది. డైసల్ఫిరాం రక్తంలోకి రాగానే ఎర్రకణాలు దాన్ని రెండు ముక్కలు చేస్తాయి. ఆ ముక్క పేరు డైఇథైల్ డైథయోకార్బమేట్, దాని రెండు గంధకాలు రాగిని పట్టి పీకుతాయి. డోపమిన్‌ని నార్ అడ్రినలిన్‌గా మార్చే రాగి ఎంజైము అలా తగ్గుతుంది. అందుకే మీ బావకి బీపీ పడిపోయినప్పుడు ఒళ్ళు దాన్ని మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ మందు మీద ఉన్నవాళ్ళకి దగ్గు సిరప్‌లో ఆల్కహాల్ కూడా పనికిరాదు, చూసుకో. మాత్ర ఇస్తున్నట్టు ఆయనకి తెలియకుండా కూరలో కలిపి పెట్టడం లాంటివి అసలొద్దు.

కడలిగాలి (గోపాలపూర్):
అందరికీ దండాలు. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు మందులు మార్చలేదు, సూర, కనగుర్తలు, వాటి ఎండుచేప కోర్సు అయ్యేదాకా వద్దన్నారు. ఒకవేళ మళ్ళీ వస్తే వేసుకోమని యాంటీహిస్టమిన్ రాశారు. నాన్న అడగమన్నారు: మాత్ర పొద్దున వేసుకుని చేప రాత్రికి తింటే ఫరవాలేదా అని!

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
ఫరవాలేదని నేను చెప్పను. మందు రక్తంలోంచి పోయినా, ఎంజైముకి కట్టిన హైడ్రజోన్ అదే గంటకి ఊడుతుందని నమ్మకం లేదు. కోర్సు ఆరు నెలలే. చందువా, పండుగప్ప, చెరువు కొరమేను తినొచ్చు, ఏదైనా ఐసులో వచ్చినది చూసుకోండి.

మందులకొట్టు (రాయగడ):
నెలల తరబడి మాగబెట్టిన చీజు లాంటివి కూడా కొంచెం చూసుకోమనండి. వాటి దగ్గర పనిచేసేది వేరే ఎంజైము, మోనోఅమీన్ ఆక్సిడేజ్, ఐసోనయాజిడ్ దాన్ని కూడా కాస్త తగ్గిస్తుంది. అయితే దాంట్లో రాగి లేదు, ఫ్లావిన్.

ఎమ్మెస్సీ గుంట (జయపురం):
మాస్టారూ, సెమినార్‌లో మాటలే కాకుండా ఒక ప్రయోగం చూపించాలనుంది. సంతలో గొర్రె కోసే చోట రక్తం దొరుకుతుంది, సీరం తీస్తాను. గొర్రె ప్లాస్మాలో అమీన్ ఆక్సిడేజ్ బాగా ఉంటుందని చదివాను. బెంజైలమిన్ ఇచ్చి, బెంజాల్డిహైడ్ పుట్టడాన్ని 250 నానోమీటర్ల దగ్గర చూస్తే చాలా?

రిటైర్డ్ లెక్చరర్ (పర్లాకిమిడి):
మంచి ఆలోచన. నాలుగు గొట్టాలు పెట్టు: ఒకటి ఉత్తది, ఒకటి ఐసోనయాజిడ్‌తో, ఒకటి సెమికార్బజైడ్‌తో, ఒకటి అజైడ్‌తో. నిరోధకాన్ని సీరంతో కలిపి అరగంట ఉంచాకే బెంజైలమిన్ వెయ్యి. వెంటనే వేస్తే క్వినోన్‌ని పట్టుకునే అణువుల అసలు బలం కనపడదు, అవి మెల్లగా పనిచేస్తాయి. తర్వాత ఆ గొట్టాల్ని డయాలిసిస్ సంచిలో రాత్రంతా ఉంచి మళ్ళీ కొలువు. అజైడ్‌ది లేవాలి. సెమికార్బజైడ్‌ది లేవకపోవచ్చు. ఐసోనయాజిడ్‌ది ఏమవుతుందో ఇక్కడ రాయి, నాకూ చూడాలనుంది.

ల్యాబ్ చుక్క (బరంపురం):
క్యువెట్, అంటే ద్రావణం పోసి కాంతి పంపే చిన్న గిన్నె, క్వార్ట్జ్‌దే తీసుకో. గాజుదీ మామూలు ప్లాస్టిక్‌దీ 250 దగ్గర వెలుతురుని రానివ్వవు. మీ డిపార్ట్‌మెంటులో లేకపోతే మా ల్యాబ్‌లో ఒక జత ఉంది, వచ్చి తీసుకెళ్ళు. ఐసోనయాజిడ్ కూడా ఆ ప్రాంతంలోనే కాంతిని పీల్చుకుంటుంది, కాబట్టి దానికి బెంజైలమిన్ లేని బ్లాంకు విడిగా పెట్టు.